గంగన్న బకెట్‌ల సాంబారు

మొన్న శుక్రవారం ఈ మస్కట్‌లనే అజైబా దిక్కు ఒక హాల్‌ల మాకు జరిగిన మర్యాద చెప్త, వినుండ్రి. ఇప్పటికీ కడుపు మండుతనే ఉంది.

నేను షట్టరింగ్ పనికని మస్కట్ వచ్చినోణ్ని. డ్యూటీ అయినంక రూమ్‌ల కూసొని, మా అమ్మోళ్లు నాట్లేసేటప్పుడు పాడే పాటలు పాడుతుంటి. నూనె డబ్బానే నాకు డప్పు. మా గంగన్న పెద్ద స్టీలు బకెట్ అడుగుకు బొక్క పొడిచి, దాన్ని బోర్లిచ్చి, ఆ బొక్కలకెల్లి తీగె తీసి చీపురు కట్టెకు బిగిస్తే ధుమ్ము ధుమ్మని మోగుతది. కడప ఖాజా భాయ్ చెంచాలు కొడ్తడు. ఇన్నేండ్లు లేబర్ క్యాంపులల్ల, సమాయిల్ ఖర్జూరం తోటలల్ల పాడినం గని స్టేజీ ఎక్కింది లేదు. ఆఖరికి తెలుగోళ్ల ప్రోగ్రాంకు పిలుపొచ్చింది. ముగ్గురం కొత్త అంగీలు కొన్నం.

బండ్ల పట్టదని బకెట్ తీగె ఇప్పి తెచ్చినం. హాల్ ఎన్క వంటల కాడ సామాను పెట్టి అంగీలు మార్చుకోను పోయినం. తిరిగొచ్చేసరికి బకెట్ నిండ సాంబారు. కింద కార్పెట్ మీద ఇంకో సాంబారు.

క్యాటరింగాయన గోదావరి దిక్కాయన. తప్పు ఆయనది, కోపం గూడ ఆయనకే.

"ఓటి బకెట్ ఎవరు తెచ్చారండీ ఇక్కడికి?"

"గది ఓటి బకెట్ కాదు సార్, మా వాయిద్యం."

"వాయిద్యమా? మరి ఆ చెంచాలో?"

"అవ్వి గూడ వాయిద్యమే."

"అవి పప్పులోకి వాడేశామండీ."

ఖాజా భాయ్ మొకం చూడాలె. "అరే భాయ్, ఆర్టిస్టులకు ఇజ్జత్ లేదా?" అంటుండు పప్పు గిన్నెల చెయ్యి పెట్టి.

అంతల్నే మైకుల మా పేర్లు పిలిచిండ్రు. బకెట్‌ల ఇన్ని నీళ్లు తిప్పి, తీగె బిగిచ్చి ఉరికినం. పాట మంచిగనే అందుకున్నం. గని అంచు మడతల సాంబారు ఇంకా ఉన్నదన్న సంగతి మాకు తెల్వది. గంగన్న తీగె గుంజినప్పుడల్ల ముందు వరుస మీద చుక్కలు. తెల్లంగి ఏసుకున్న తెలుగు సంఘం ప్రెసిడెంట్ సారు రెండో చరణానికల్ల పచ్చగైండు. జనం మాత్రం మళ్లొకసారి పాడుమన్నరు.

అయిపోయినంక యాంకరమ్మ మైకుల ఏమన్నదో తెలుసా? "వంటలు చేయడమే కాదు, ఇంత చక్కగా పాడిన క్యాటరింగ్ అన్నలకు ఒక్కసారి చప్పట్లు."

ఆ క్యాటరింగాయన గూడ మా దిక్కు చూసి చప్పట్లు కొట్టిండు. నాకు ఒళ్లు మండింది.

అప్పటిసంది ఫోన్లే ఫోన్లు. పాటలకు కాదు, భోజనాలకు. అందరినీ గట్టిగనే తిట్టిన, మేము కళాకారులమని చెప్పిన. పొద్దున ఒకామె మాత్రం, "అన్నా, ఆ సాంబారు రుచి ఇంకా నోట్లోనే ఉంది. మా పాప బర్త్‌డేకి మీరే చెయ్యాలి" అన్నది ప్రేమగ.

తిట్టుదామనే నోరు తెరిచిన. "ఎంతమందికి మేడం?" అని అడిగిన.