ఓనరమ్మ డ్రమ్ము

బొమ్మనహళ్ళిలో మేము అద్దెకున్న ఇంటి ఓనరమ్మ, మెట్ల కింది నీళ్ళ డ్రమ్మును వచ్చేపోయేటప్పుడల్లా వేలి కణుపుతో తట్టేది. చప్పుడును బట్టి ఎన్ని నీళ్ళున్నాయో చెప్పేది. కుళాయి ఎప్పుడొస్తుందో తెలియని వీధి మాది.

ఆ వానాకాలం ఇంటింటా డెంగీ. ఆమె మనవరాలూ జ్వరంతో పడుకుంది. ఒక ఉదయం డ్రమ్ములు చూడటానికి ఆరోగ్య శాఖ మనిషి వచ్చాడు.

"చీరగుడ్డ కట్టినా కదప్పా. దోమ కాదు, దాని తాత కూడా దూరలేడు," అంది.

అతను గుడ్డ ఎత్తి టార్చి వేశాడు. నీళ్ళలో దోమపిల్లలు మెలికలు తిరుగుతున్నాయి. చెంబు ముంచుకోవడానికి ఆమే ఒక పక్క ముడి వదులుగా ఉంచేది.

"పారబోయాల్సిందేనమ్మా."

ఆమె డ్రమ్మును తానే వంచి, నీళ్ళన్నీ మోరీలోకి పోయేదాకా పక్కకు చూస్తూ నిలబడింది.

సాయంత్రం ఖాళీ బిందెతో మా గుమ్మంలోకి వచ్చింది. అంతవరకు ఎవరినీ నీళ్ళు అడగని మనిషి.

"బిడ్డకు ఒళ్ళు తుడవాల. ఒక బిందె నీళ్ళుండాయా, పాపా?"

గుమ్మం పక్కన మూత పెట్టి ఉంచిన మా డ్రమ్ములోంచి బిందె నిండా ముంచి ఇచ్చాను. ఆమె అలసటగా వంగి, అలవాటుగా మా డ్రమ్మును తట్టింది.

"మీకే తక్కువుండాయి," అని సగం బిందె తిరిగి పోసేసింది.