దిద్దకుండా ఉంచాల్సిన వాక్యాలు

మా డచ్చి మాస్టారు పోయిన మంగళవారం చనిపోయారు. యూనివర్సిటీలో ఆయన గదిని వచ్చే నెలాఖరుకు ఖాళీ చేయాలట. అందులోని కార్డుల డ్రాయర్లను ఎవరూ తీసుకోకపోతే పారేస్తామని డిపార్ట్‌మెంట్ వాళ్లు చెప్పారు. అందుకే, ఏడుపు ఇంకా ఆగకపోయినా, ఇప్పుడే ఇది రాస్తున్నాను.

నేను భీమిలి పిల్లను. సముద్రం ఒడ్డున డచ్చివాళ్ల సమాధుల దగ్గర ఆడుకునేదాన్ని. ఆ రాళ్ల మీద ఏం రాసుందో చెప్పగలిగినవాళ్లు మా ఇంట్లో లేరు. తెలుగైనా చదవగలిగినవాళ్లు లేరు. బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే. చదువుకోవడానికి అమెరికా వచ్చాక, ఇక్కడ ట్రాయ్ ఊళ్లో ఆదివారాలు నాకు అన్నం పెట్టే ఆంటీ, "ఇంత దూరం వచ్చి డచ్చి ఏంటమ్మా? హాయిగా కంప్యూటర్ కోర్స్‌లో జాయిన్ అవ్వచ్చుగా!" అని ఇప్పటికీ దెప్పుతారు.

మాస్టారు మిషిగన్‌లోనే డచ్చి రైతుల ఇంట పుట్టారు. ఆ భాషలో వాక్యం శతాబ్దాల మీద ఎలా మారిందో చూడడమే ఆయన పని. ఒకప్పుడు "లేదు" అనడానికి క్రియకు ముందొక చిన్న మాట, తర్వాత ఇంకొకటి ఉండేవట. వాడగా వాడగా ముందున్నది అరిగిపోయింది. అది ఎప్పుడు, ఎవరి నోట అరిగిందో తెలుసుకోవడానికి, ఓడలెక్కి వెళ్లిన మొగుళ్లకు ఆడవాళ్లు రాసిన ఉత్తరాలు వెతికేవారు. ఒక్కో వాక్యానికి ఒక్కో కార్డు. రాసే ముందు పైకి చదవాలి. "ఆమె ఎక్కడ ఊపిరి పీల్చిందో తెలియకుండా రాయకు" అనేవారు.

ఒకసారి అమ్మ పంపిన క్యాసెట్ ఆయనకు వినిపించాను. "మీ మావొచ్చినాడే నిన్న, ఇశాపట్నం నుండి, జొరంతోటి" అంటోంది అమ్మ. మాట మాటకీ అర్థం చెబితే పగలబడి నవ్వారు. "క్రియ అయిపోయినా మీ అమ్మ ఇంకా సామాను దించుతూనే ఉంది! మా పాత ఉత్తరాలూ ఇంతే. బడి చదువులు పెరిగాక అన్నీ క్రియకు ముందే, లోపలికి సర్దేశారు."

ఆ మాట నాకు అప్పుడు తలకెక్కలేదు. తప్పు కనిపిస్తే దిద్దడమే చదువని నేర్చుకున్నదాన్ని. ఆయన దగ్గర పనికి చేరిన మొదటి వేసవిలో, నలిగిన కార్డులను కొత్తవాటి మీదికి ఎక్కించమంటే, క్రియకు ముందున్న ఆ చిన్న మాట చేయిజారి పడిందనుకుని ఎక్కడికక్కడ తీసేశాను. శుభ్రంగా రాశానన్న తృప్తితో పాతవి పారేశాను.

మాస్టారు ఆ కొత్త కార్డులను ఒక్కొక్కటే తిరగేసి చూశారు.

"ఆమె పరీక్ష పేపరు దిద్దమని నీకెవరిచ్చారు?" అన్నారు చివరికి. నా ఏడుపు చూసి, ఫ్లాస్కులోని కాఫీ సగం నాకు పోశారు.

నేను పాడుచేసినవన్నీ మళ్లీ రాయడానికి, తర్వాత రెండు చలికాలాలు ఆ ఉత్తరాల ఫోటోలు చూపించే మైక్రోఫిల్మ్ యంత్రం ముందు పక్కపక్కనే కూర్చున్నాం. కళ్లు మసకబారుతున్నా ఆయనే చదివేవారు, నేను రాసేదాన్ని. ఆ కార్డులతో ఆయన రాస్తున్న పుస్తకం ఇంకా రాలేదేమని ఎవరడిగినా "మేం నెమ్మది మనుషులం" అనేవారు. నా పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేనే ఇక్కడ చెబుతున్నాను. ఆ పుస్తకానికి దక్కాల్సిన రెండేళ్లు నా వల్లే పోయాయి.

ఆస్పత్రిలో ఆఖరిసారి చూసినప్పుడు "ఎంతవరకొచ్చాం?" అని అడిగారు.

"ఇంకా రెండు డ్రాయర్లున్నాయి, ప్రొఫెసర్."

"చదువు."

సంచిలో దాచుకున్న, అప్పట్లో నేను పాడుచేసిన కార్డు ఒకటి తీసి చదివాను. నేను తీసేసిన మాట ఉండాల్సిన చోట, కళ్లు మూసుకునే, ఆయన పెదవులు కదిలాయి.

ఆ రెండు డ్రాయర్లు నేను పూర్తి చేయాలి. పక్కన పెట్టి పోల్చుకోవడానికి మిగతావీ కావాలి. మొత్తం పన్నెండు. నాది ఇద్దరం ఉండే ఒక్క గది, ఆంటీ వాళ్లదీ చిన్న అపార్ట్‌మెంటే. మిషిగన్‌లో ఎవరి బేస్‌మెంట్‌లోనైనా చెమ్మ లేని మూల ఒకటుంటే, ఒక్క ఏడాదికి ఇవ్వండి. శని, ఆదివారాలు వచ్చి నా పని నేను చేసుకుంటాను. వచ్చే నెల పదిహేనో తేదీలోగా ఈ పత్రిక ద్వారా నాకు జవాబు రాయండి.