గంజి రుచి మరిగిన పిల్లి

నాకు ఎలుకలంటే ప్రాణాలు పోయేంత భయం. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు వంట వచ్చా, రాట్నం తిప్పడం వచ్చా అని అడిగారే కానీ ఎలుకల సంగతి ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్నే. నా నోరు అప్పుడు కూడా ఊరుకునే రకం కాదు.

మాది చెన్నూరు. మా బాపు వయసులో ఉండగానే మగ్గం వదిలేసి, బట్టల మూట భుజాన వేసుకుని గోదావరి ఒడ్డు ఊళ్ళు తిరిగి అమ్మేవాడు. అందుకని నేతవాళ్ళింట్లో పుట్టినా నాకు మగ్గం పని అంతంత మాత్రమే తెలుసు. నన్ను మెట్‌పల్లిలో ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్ అనే పేరు కొత్తగా వచ్చిన రోజులవి. అత్తగారింట్లో రెండు గుంట మగ్గాలుండేవి. మామ, మా ఆయన గుంటల్లోకి కాళ్ళు వదిలి పొద్దంతా నేసేవాళ్ళు. అత్తా నేనూ రాట్నం మీద దారపు కండెలు చుట్టేవాళ్ళం.

మగ్గం మీద నిలువునా పరిచే దారాలను పడుగు అంటారు. అవి తెగకుండా వాటికి గంజి పట్టిస్తారు. మనకు అది దారం, ఎలుకలకు మాత్రం వడ్డించిన విస్తరి. కాపురానికి వచ్చిన వారానికే ఒక ఎలుక నా పాదం మీదుగా పరుగెత్తింది. నేను రాట్నం తన్నేసి, అరుగు మీదికి ఎగిరి, ఇల్లెగిరిపోయేలా కేక పెట్టాను.

"ఏమైందే? తేలు కుట్టిందా?" అని అత్త పరుగెత్తుకొచ్చింది.

ఎలుక అని తెలిశాక ఆమె నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "ఎలుకకు గింత మొత్తుకుంటరా? చెన్నూర్ల ఎలుకలు లెవ్వా?"

"ఉన్నయి అత్తమ్మా. పిల్లులు గూడ ఉన్నయి" అన్నాను.

"మగ్గమున్న ఇంట్ల పిల్లిని ఎవలన్న సాదుతరా? దారం కనవడితే ఊకుంటదా అది? ఎలుక ఒక్క పోగు కొరికితే, పిల్లి పది పోగులు పీకుతది" అని ఆమె తేల్చేసింది.

నాకు మంట పుట్టింది. కొత్త కోడలిని కాబట్టి నోరు మూసుకున్నాను కానీ, మొదటి బతుకమ్మ పండుగకు పుట్టింటికి వెళ్ళి వచ్చేటప్పుడు మా అవ్వ పెంచిన బూడిదరంగు ఆడపిల్లిని గంపలో పెట్టుకుని, పైన పాత చీర కట్టి తెచ్చేశాను. కొంత దూరం ఎడ్లబండి, గోదావరి మీద పడవ, ఆ తర్వాత బస్సు. పడవలో గమ్మునున్న పిల్లి బస్సెక్కగానే మొదలుపెట్టింది. "ఏందమ్మా అందుల?" అని కండక్టర్ అడిగితే "మామిడికాయ తొక్కు" అన్నాను. తొక్కు అరుస్తుందా అని బస్సంతా నవ్వింది.

ఇంటికి చేరాక అత్త గంప వైపు చూసి, నా వైపు చూసి, మామ వైపు తిరిగి, "మీ కోడలు సారెల పిల్లిని తెచ్చింది" అంది. మామ మాట్లాడడం తక్కువ. "తెస్తే తెచ్చింది తీయ్" అని మళ్ళీ నేతలో పడ్డాడు. మా ఆయన తల్లి మాటకూ నా మాటకూ మధ్య మగ్గంలో దారం మోసే నాడెలా అటూ ఇటూ తిరిగి, చివరికి ఎటూ కాకుండా బయటికి వెళ్ళిపోయాడు.

పిల్లి రెండు రోజులు వడ్ల గుమ్మి వెనక నుంచి బయటికి రాలేదు. నేను పగిలిన కుండపెంకులో బూడిద పోసి ఒక మూలన పెట్టాను, అక్కడికి పోవాలని దానికి తొందరగానే తెలిసింది. పాత చీర ముక్కతో నా ఒంటి చెమట తుడుచుకుని దాన్ని గుమ్మి పక్కన పరిచాను. మూడో రోజు దాని మీద ముడుచుకుని పడుకుంది. రాట్నం తిరుగుతుంటే ముందు భయపడింది, తర్వాత తల ఆడిస్తూ చూసింది, ఆ తర్వాత పంజా విసిరింది. పంజా లేచినప్పుడల్లా నా పక్కనున్న గిన్నెలోంచి నాలుగు నీటి చుక్కలు దాని మూతి మీద చిలకరించేదాన్ని. నేను రాట్నం తిప్పుతున్నంతసేపూ కూర్చుని చూడటమే కానీ ముట్టకూడదని అది వారంలో నేర్చుకుంది. నాకు ఎంత గర్వమో! అత్త వినేలా "మా పిల్లికి మనుషుల కంటే ఎక్కువ బుద్ధి" అని దానితో అనేదాన్ని.

ఇక్కడే నేను తప్పు చేశాను. ఇంట్లో పాలు అత్త చాయకే సరిపోయేవి. చెన్నూరులో ఆ పిల్లి చేప తలలు తిని పెరిగింది, మెట్‌పల్లిలో మాకు చేపలు ఎప్పుడో కానీ దొరికేవి కావు. అన్నం పెడితే మూతి తిప్పేది. ఒక రోజు పడుగుకు పట్టించగా కుండ అడుగున మిగిలిన గంజిని గోకి, అన్నంలో కలిపి పెట్టాను. పళ్ళెం నాకి నాకి మెరిసేలా చేసింది. ఇంకేం, ఎవరి సొమ్మూ కాదు, పారబోసేదే కదా అని రోజూ అదే పెట్టాను. మగ్గం తెలిసినవాళ్ళెవరూ ఆ పని చేయరు. నాకు తట్టలేదు.

పది రోజుల తర్వాత పొద్దున్నే వీధిలో పడుగు చాపారు. మా వీధి పొడుగునా కర్రల మీద దారాలు సాగదీసి, ఇటొకరు అటొకరు నిలబడి కుంచెతో గంజి పట్టిస్తారు. ఎండ ముదరకముందే ఆ పని అయిపోవాలి. నేను నీళ్ళ బిందెతో వస్తూ చూశాను. పడుగు కింద మా పిల్లి వెనక కాళ్ళ మీద లేచి నిలబడి, కళ్ళు మూసుకుని, తడి దారాలను కమ్మగా నాకుతోంది. ముళ్ళున్న నాలుకకు దారాలు చిక్కి, ఎనిమిదో పదో పోగులు తెగి వేలాడుతున్నాయి.

అత్త కేకకు వీధిలో అందరూ చేతులాపారు. "సూడుర్రి, సూడుర్రి! ఎలుకల బాధ పోతదని తెచ్చింది. ఎలుకలకు తోడు పిల్లి గూడ పడుగే తింటున్నది!" అవతలి ఇంటివాళ్ళు కుంచెలు పక్కన పెట్టి మరీ నవ్వారు. నేను పిల్లిని చంకలో ఇరికించుకుని ఇంట్లోకి పరుగెత్తాను. ఏడుపొచ్చింది. అత్త మీద కాదు, నా మీద నాకే. గంజి రుచి మప్పింది నేనే.

మధ్యాహ్నం మామ తెగిన పోగులన్నీ ముడివేసి లోపలికి వచ్చాడు. అత్త అప్పటికే తీర్పు చెప్పేసింది: అమావాస్యకు మా తమ్ముడు ఎలాగూ వస్తున్నాడు, పిల్లిని అతనితో చెన్నూరు పంపేయాలి. నేను దాచకుండా నా తప్పు ఒప్పుకున్నాను. కుండ గోకి పెట్టింది నేనే, మాన్పించేదీ నేనే, నాకు కొంత గడువియ్యమన్నాను.

మామ చేతికంటిన గంజి తుడుచుకున్నాడు. "సరే. అమాస తెల్లారి మగ్గం మీది పడుగు సూద్దాం. ఒక్క పోగు తెగినా పిల్లి పోతది. ఎలుక తెంపినా, పిల్లి తెంపినా లెక్క ఒక్కటే" అన్నాడు.

ఈ మాటలో ఎంత మెలిక ఉందో నేతవాళ్ళకే తెలుసు. అమావాస్య నాడు మా వాళ్ళు మగ్గం ముట్టరు. తలకు పోసుకుని, మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, ఆ గది తలుపు మూసేస్తారు. నేసేవాళ్ళ చప్పుడు ఉండదు కాబట్టి ఎలుకలకు ఆ రోజు పండుగ. ప్రతి అమావాస్య మర్నాడూ మామ పోగులు ముడివేస్తూ సగం పూట పోగొట్టుకునేవాడు. అంటే నాకు పెట్టిన పరీక్ష ఇంతవరకూ ఆ ఇంట్లో ఎవరూ నెగ్గనిది. అత్త ముఖంలో అప్పుడే గెలిచిన నవ్వు కనిపించింది. అది చూశాక నాకు పంతం పట్టుకుంది.

చేతిలో పన్నెండు రోజులున్నాయి. సంతకు నేనే వెళ్ళి ఎండు చేపలు కొనుక్కొచ్చాను. ఇంట్లోకి తెస్తే బట్టకు వాసన పడుతుందని అత్త గడప దాటనివ్వలేదు. సరేనని పెరట్లో బట్టలుతికే బండ దగ్గరే వాటిని నానబెట్టి, ముళ్ళు తీసి, పిల్లికి రెండు పూటలా అక్కడే పెట్టాను. గంజి కుండను తోమి బోర్లించేదాకా దాన్ని అటు రానివ్వలేదు. మగ్గం మీది పడుగు దగ్గరికి ఎత్తుకెళ్ళి కూర్చోబెట్టేదాన్ని, నాలుక బయటికి వస్తే మూతి మీద నీళ్ళు. మొదటి మూడు రోజులు ఒళ్ళంతా తడిసి నన్ను శత్రువులా చూసింది. ఆరో రోజుకు పడుగును వాసన చూసి తల తిప్పుకుంది. తొమ్మిదో రోజు మగ్గం పక్కనే పడుకుని, దారాల వంక కన్నెత్తి చూడకుండా తోక నాక్కుంటుంటే, నేను దాని తల మీద ముద్దు పెట్టుకున్నాను.

అమావాస్య వచ్చింది. తమ్ముడు పొద్దున్నే దిగాడు. మగ్గానికి బొట్టు పెట్టి గది తలుపు మూయబోతుంటే పిల్లిని లోపలుంచాలా, బయటుంచాలా అన్న ప్రశ్న వచ్చింది. బయటుంచితే ఎలుకలు తెంపడం ఖాయం. లోపలుంచితే, నేనుండను, నీళ్ళ గిన్నె ఉండదు, పాత రుచి గుర్తొస్తే అంతే సంగతులు.

"లోపలనే ఉంటది" అన్నాను.

"అట్లయితే తిండి పెట్టకు. కడుపు కాలితేనే ఎలుకను పడతది" అంది అత్త. అందరూ అనే మాటే అది. కానీ ఆకలిగా ఉన్న పిల్లికి ఎలుక కంటే ముందు కనిపించేది గంజి. పైగా మా అవ్వ దగ్గర నేను చూసిన పిల్లులు కడుపు నిండాక కూడా ఎలుకను వదిలేవి కావు, వేట వాటికి ఆట. అందరూ చూస్తుండగా ఎండు చేపలన్నీ నానబెట్టి, పిల్లి ఇంక వద్దని లేచిపోయేదాకా తినిపించాను.

"ఇగ అది తిని పంటది, ఎలుకలు వచ్చి దాని మీసాలు కొరుకుతయి" అంది అత్త.

"అక్కా, మల్ల ఆలోచించు" అని తమ్ముడు చెవిలో గొణిగాడు.

నేను పిల్లిని లోపల వదిలి తలుపు గొళ్ళెం పెట్టేశాను. ఆ రోజంతా పైకి బింకంగానే తిరిగాను కానీ, ఏదో పని ఉన్నట్టు ఆ తలుపు ముందు నుంచే పదిసార్లు పోయాను.

మర్నాడు తెల్లవారాక మామ గొళ్ళెం తీశాడు. వెనక అత్త, ఆమె వెనక నేను. పిల్లి గుంట అంచున కూర్చుని ఆవులించింది. మామ గుంటలోకి దిగబోయి ఆగి, వంగి, తోకలు పట్టి పైకి తీశాడు. ఒకటి, రెండు, మూడు. మూడూ చచ్చినవే, మూడూ తినకుండా వదిలేసినవే. చచ్చినా ఎలుకే కదా, నేను కెవ్వున అరిచి రెండడుగులు వెనక్కి దూకాను. కానీ నవ్వుతూనే అరిచాను.

అత్త ఎలుకల వైపు చూడనైనా చూడలేదు. నేరుగా పడుగు దగ్గరికి వెళ్ళి, ఈ కొస నుంచి ఆ కొస దాకా అరచెయ్యి ఆనించి మెల్లగా జరుపుతూ పోయింది. నలభై ఏళ్ళు దారంతో బతికిన చెయ్యి అది, తెగిన పోగు ఉంటే తప్పించుకోలేదు. సగం దాటాక చెయ్యి ఆగింది. రెండు వేళ్ళతో ఒక కొసను పైకి లేపింది.

"ఇదేంది మరి?"

తమ్ముడు గంప కోసం చూస్తున్నాడు. మామ వచ్చి ఆ కొసను వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"ముడి. మొన్న నేనే ఏసిన. కొస కత్తిరించుడు మర్సిన" అని, భార్య వైపు చూసి, "ముడికీ తెగిన పోగుకూ ఫరక్ నీ చేతికి తెల్వదా? పట్టుకోంగనే తెలిసింది నీకు" అన్నాడు.

అత్త ఆ కొసను వదిలేసింది. మిగిలిన సగం కూడా పూర్తిగా చూసింది. ఒక్క పోగు తెగలేదు. మామ గుంటలో కూర్చుని నాడె విసిరాడు, అమావాస్య మర్నాడు అంత పొద్దున్నే ఆ ఇంట్లో మగ్గం చప్పుడు వినిపించడం అదే మొదటిసారట. మా ఆయన పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. నాకైతే వీధిలోకి వెళ్ళి బతుకమ్మ ఆడాలనిపించింది, ఆ పొద్దున నాకంటే గొప్పవాళ్ళు మెట్‌పల్లిలో ఎవరూ లేరు.

మధ్యాహ్నానికి సంగతి వీధంతా పాకింది. కుంచెలు పక్కన పెట్టి నవ్విన అవతలి ఇంటావిడ, ఇంకో ఇద్దరిని వెంటేసుకుని వచ్చింది. వాళ్ళు నేరుగా అత్త దగ్గర కూర్చున్నారు. "వదినా, మా ఇంట్ల ఎలుకలతోని మస్తు పరేషాన్ ఉన్నది. పోగులన్ని కొరికి పెట్టినయి. జర రెండు రోజులు మీ పిల్లిని ఇయ్యరాదు?"

నేను రాట్నం ఆపకుండానే చెవులు రిక్కించాను. ఇచ్చేస్తుందేమో అనుకున్నాను. ఆ ఇంట్లో చెంబు కావాలన్నా, చేట కావాలన్నా ఇచ్చేదీ పొమ్మనేదీ అత్తే.

అత్త చేతిలోని కండె కింద పెట్టింది. "నన్నడుగుతరేంది? పిల్లి మా కోడలిది. ఇస్తదో ఇయ్యదో ఆమెనే అడుగుర్రి" అంది.

ముగ్గురూ నా వైపు తిరిగారు. నేను దారం తెగకుండా రాట్నం మెల్లగా ఆపి, ఒళ్ళో నిద్రపోతున్న పిల్లి చెవుల మధ్య నిమిరాను.

"ఇయ్యను" అన్నాను.

అత్త వాళ్ళ వైపు చూసి, "ఇన్నరు గదా, ఇగ పోయి మీ పనులు చేస్కోర్రి" అంది.