అవ్వ ఒప్పుకోలేదు

ఆర్కిటెక్ట్ ఒనోఫ్రేకి ఉన్నది ఒకటే జబ్బు. పాత భవనాన్ని అడగనిదే గీత గీయడు. అడగడమంటే మనసులో అనుకోవడం కాదు, స్తంభం పక్కన నిలబడి పైకే అడుగుతాడు. ఎవరైనా వింటున్నారేమోనన్న మొహమాటం కూడా లేదు.

ఆయన బడికి వచ్చిన రోజే ప్రిన్సిపాల్ ఫెలిసాకి సంగతి తెలిసిపోయింది. ఆవిడ గేటు దగ్గర నవ్వుతూ నిలబడితే, ఆయన ఆవిడను దాటుకుని వెళ్లి, అక్కడి ఆచారం ప్రకారం పెద్దల చేతిని నుదుటికి ఆనించుకున్నట్టు వరండా స్తంభానికి నుదురు ఆనించాడు.

"ఏమండీ, నేనిక్కడ!" అంది ఫెలిసా.

"ఒక్క నిమిషం మేడమ్. ముందు అవ్వ" అంటూ పాత మేడను చూపించాడు.

ఫిలిప్పీన్స్‌లోని నీగ్రోస్ దీవిలో చెరకు తోటల మధ్య ఉన్న ఊరది. బడి చెక్క మేడ. కిటికీలకు గాజు బదులు పల్చటి సముద్రపు చిప్పలు. చిక్కల్లా గదులు చాలకపోవడమే. ఒకే గదిలో ఈ గోడవైపు ఎక్కాలు, ఆ గోడవైపు పాటలు. పిల్లలు ఎక్కాలను రాగం తీసి పాడుతున్నారు.

బడి కమిటీ అధ్యక్షుడు డాన్ టేర్యో మాత్రం తేల్చేశాడు. "పాతది పడగొట్టి మూడంతస్తుల సిమెంటు బిల్డింగు కట్టేద్దాం."

ఒనోఫ్రే బయటికి వెళ్లి గోడకు చెవి ఆనించి తిరిగొచ్చాడు. "అవ్వ ఒప్పుకోవడం లేదండీ."

"సరే, పడగొట్టం. పక్కనే మూడంతస్తులు కడదాం."

మళ్లీ వెళ్లొచ్చాడు. "నెత్తి మీదెక్కి కూర్చుంటారా అని అడుగుతోంది."

"అల్యూమినియం కిటికీలైనా పెట్టనిస్తుందా?"

"కళ్లు జిగేల్మంటాయటండీ."

డాన్ టేర్యో ప్రిన్సిపాల్ వైపు చూశాడు. "ఈయన ఫీజు ఆ ముసలమ్మకి ఇవ్వాలా, ఈయనకా?"

చివరికి పాత కప్పు కంటే ఎత్తు పెరగకుండా, అదే వాలుతో, అవే చిప్పల కిటికీలతో నాలుగు గదులకు ప్లాను ఖాయమైంది. "ఇంకొక్క తేడా వచ్చిందా, పని ఆపి నా సిమెంటు బిల్డింగే కడతాను" అని బెదిరించి వెళ్లాడు డాన్ టేర్యో.

తేడా రానే వచ్చింది. కొత్త వరండా పాత వరండాకు వరుసగా కలవాలి. మేస్త్రీ డెన్సియో గుర్తు తప్పి పునాది లేపాడు. గోడలు నడుమెత్తు లేచాక చూస్తే, కొత్త గదులు పాత మేడకు రెండు బారలు వెనక్కి పోయాయి. డెన్సియో ఇసుక కుప్ప మీద కూలబడ్డాడు. ఇంట్లో భార్యకు నెలలు నిండాయి.

సరిగ్గా అప్పుడే డాన్ టేర్యో కారు దిగాడు. "ఎవడి నిర్వాకమిది? ఇప్పుడే తీసెయ్యండి వాణ్ణి!"

డెన్సియో లేచి నోరు తెరిచాడు. ఒనోఫ్రే అడ్డొచ్చాడు.

"నేనే జరపమన్నానండీ."

"ఎందుకు?"

"అవ్వ చెప్పింది. నిన్నగాక మొన్న పుట్టినవాళ్లు నాతో భుజం రాసుకుని నిలబడతారా, కాస్త వెనక్కి ఉండమను అంది."

డాన్ టేర్యో దూరంగా నడిచి, మెడ వంచి చూశాడు. పాత మేడ ముందు నిలబడి ఉంది, కొత్త గోడలు దాని పక్కన ఒదిగి ఉన్నాయి. "ముసలమ్మకి పొగరెక్కువే" అని గొణిగి కారెక్కాడు.

ఫెలిసా బల్లమీద అసలు ప్లాను ఉంది. అందులో రెండు వరండాలూ ఒకే గీత. ఆవిడ టీ, బియ్యప్పిండి పుటోలు పట్టుకుని ఒనోఫ్రే దగ్గరికి వెళ్లింది. ఆయన వరండాలను కలిపేందుకు ఓ మలుపు గీస్తున్నాడు.

"నిజం చెప్పండి. అవ్వ అలా అందా?"

"చెక్క ఎక్కడైనా మాట్లాడుతుందా మేడమ్?" ఆయన పుటో తుంచుకున్నాడు. "కానీ నింద ఆవిడ మీద వేస్తే, ఆవిడ ఉద్యోగం పోదు కదా."

జూన్‌లో కొత్త గదులు తెరిచారు. డాన్ టేర్యో ముఖ్య అతిథి. జాతీయ గీతం మొదలుపెట్టాల్సిన పాటల టీచరమ్మ, ఎక్కిన జీప్నీ బండి దారిలో చెడిపోయి, వానలో తడిసి ముద్దై, అందరూ కూర్చున్నాక పరుగెత్తుకొచ్చింది.

డాన్ టేర్యో గడియారం చూసుకున్నాడు. "ఎందుకింత ఆలస్యం?"

టీచరమ్మ బిక్కచచ్చి నిలబడింది. ఫెలిసా గొంతు సవరించుకుంది.

"అవ్వ కాస్త ఆగమందండీ."

వెనక వరుసలో ఒనోఫ్రే గంభీరంగా తల ఊపాడు.