మా అక్క షుగర్ మాత్రలు, నా వాక్య పరిశీలన

టీ గ్లాసులు కింద పెట్టండప్పా. తాగుతా నవ్వితే ముక్కులోకి పోతాది, తర్వాత నన్ననద్దు.

మొన్న శుక్రవారం ధర్మవరం పోయినా గదా, మా అక్క చేత షుగర్ మాత్రలు మింగించేదానికి? మా అక్క మింగేది అట్లుండనీ. సాయంత్రమయ్యేపాటికి ఆ వీధిలో బుద్ధిగా మాత్రలు మింగుతాండే ఆడోళ్ళు గూడా మానేసిరి! ఎవరి వల్ల? ఇదో, మీ ముందర కూర్చున్న ఈ మహానుభావుడి వల్ల.

మా బావ ఫోన్‌తో మొదలైంది ఇదంతా. "ఏమప్పా దేవదానం, మీ అక్క మాత్రలు మానేసిందప్పా. అడిగితే నాకు షుగరే లేదంటాది. కాళ్ళు తిమ్మిర్లు, మనిషి చిక్కిపోయింది. నువ్వొచ్చి ఏమన్నా చెప్పు" అన్యాడు. మా బావ అట్ల మాట్లాడే మనిషి కాదు.

"ఎందుకు మానేసింది బావా?"

"ఆ పుస్తకమప్పా!"

పుస్తకం పేరు చెప్పను. చెప్తే మీలో ఒకరిద్దరు బ్యాగుల్లోంచి తీస్తారు. ఇప్పుడు మా చర్చీల్లో ఎవరి సంకలో చూసినా అదే. బైబిల్ జిప్ కవర్లో బైబిల్ పక్కనే అదీ దూర్చుకుంటాండారు. అందులో ముఖ్యమైన ముక్క ఏమంటే, రోగం పేరు నోట పలికితే రోగాన్ని ఇంట్లోకి పిలిచినట్లంట, మాత్ర మింగితే దేవుని మీద నమ్మకం లేనట్లంట. మా అక్క దాన్ని గట్టిగా పట్టుకునింది.

నాకు కోపం సర్రుమని ఎక్కింది. హిందూపురంలో సండే స్కూల్ టీచర్ని నేను! బైబిల్ క్విజ్ పెడితే ఫస్ట్ ప్రైజ్ టిఫిన్ క్యారియర్ నాదే. "రేపే వస్తాండా బావా. ఆ పుస్తకాన్ని బైబిల్ వాక్యంతో తూచి, యాడ తప్పుండాదో యాడ సరిగ్గా ఉండాదో లెక్క తేల్చి, అక్క ముందర పెడతా" అని పెద్ద డైలాగు కొట్టినా.

"అట్లయితే సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడికుండాది. నలుగురి ముందర చెప్పు, మీ అక్క కాదనలేదు" అన్యాడు బావ. ఐడియా బ్రహ్మాండంగా ఉండాదనుకుంటిమి ఇద్దరమూ.

పక్కింటామెను అడిగి పుస్తకం తీసుకుని, పొద్దున్నే రైలెక్కినా. చేతిలో పెన్సిలు. వాక్యానికి సరిపోతే టిక్కు, సరిపోకపోతే ఇంటూ. సింపుల్ గదా?

సింపులా నా మొహమా! మొదటి పేజీ చదివినా. అంతా బైబిల్లో ఉండేదే. టిక్కు. రెండో పేజీ, దేవుడు స్వస్థపరుస్తాడు, ప్రార్థించండి. అదీ నిజమే, టిక్కు. మూడో పేజీలో, కాబట్టి మాత్రలు వద్దు. హా, దొరికినావురా అని ఇంటూ కొట్టినా. మళ్ళా వెనక్కి తిప్పి చూస్తే, ఆ "కాబట్టి" ముందర ఉండేవన్నీ మంచి వాక్యాలే! మరి తప్పు యాడుండాది? టిక్కు మీద ఇంటూ కొట్టినా. ఇంటూ పక్కన ప్రశ్న గుర్తు పెట్టినా. రైలు ఊగుతాంటే ప్రశ్న గుర్తు పోయి కింది లైను మీద పడింది.

ఎదురు సీట్లో ఒక ముసలాయన, దర్గాకు పోతాండాడంట, నన్నే చూస్తాండాడు. పెనుకొండలో దిగేటప్పుడు అడగనే అడిగినాడు. "ఏమప్పా, పరీక్ష పేపర్లు దిద్దుతాండావా? పిల్లోడు పాసా ఫెయిలా?"

"తెలీడంల్యాదు సామీ" అంటి. నిజంగానే తెలీలేదప్పా నాకు! పెనుకొండ దాటినాక ఇంకొక అన్యాయం జరిగింది. నాకు మోకాలి నొప్పుండాది గదా, అలవాటుగా జేబులోంచి మాత్ర తీసినా. తీసి, దాన్ని చూసి, మళ్ళా లోపల పెట్టుకున్యా. ఎందుకు పెట్టుకున్యావంటే ఏం చెప్పల్ల? ఆ పుస్తకం రాసినాయనకు అంత చాకచక్యముండాది. తప్పులు పట్టేదానికి పోయినోణ్ణి నేనే సగం పడిపోతి.

ధర్మవరంలో ఇంటికి పోయేటప్పటికి మా అక్క గుమ్మంలో కూర్చోని పట్టుచీర కొంగుకు కుచ్చులు కడతాండాది. అదే ఆమె పని. బుగ్గలు లోపలికి పోయినాయి, జాకెట్టు చేతులు వదులైపోయినాయి. "వచ్చినావాప్పా! నీకని ఓళిగలు చేసినా" అని లేసింది. బెల్లం పూర్ణం బొబ్బట్లప్పా అవి! నాకు రెండు పెట్టి, తనూ రెండు పెట్టుకుని, పైన నెయ్యి, పక్కన గ్లాసుడు పాలు.

"అక్కా, నీకు షుగరు..."

"శ్! ఆ మాట ఈ ఇంట్లో అనద్దు. నాకు లేదు."

సాయంత్రం దాకా ఆగలేక, నేను ప్రిపేరై పోయిన పాయింట్లు అప్పుడే తీసినా. హిజ్కియా రాజుకు పుండు లేస్తే అంజూరపు పండ్ల ముద్ద కట్టమని ప్రవక్తే చెప్పలేదా? లూకా వైద్యుడు గాదా? కడుపు బాగలేదని తిమోతిని కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని పౌలు రాయలేదా?

లోపలి గదిలోంచి మా బావ తల బయటికొచ్చింది. "అట్ల రాసినాడా? యాడ? ఏ అధ్యాయం?"

"నువ్వు ఊరకుండు బావా!"

మా అక్క కుచ్చు ముడేస్తా తల గూడా ఎత్తలేదు. "ఆసా రాజు దేవుణ్ణి వదిలి వైద్యుల దగ్గరికి పోయినాడు, ఏమాయె? రక్తస్రావమున్న ఆమె ఎంతమంది వైద్యుల చుట్టూ తిరిగింది, బాగాయెనా?" అనింది. క్విజ్‌లో నాకు ఫస్ట్ ప్రైజ్ ఎందుకొస్తాండాదో అప్పుడర్థమైంది. మా అక్కకు ధర్మవరంలో పెళ్ళైపోయింది గాబట్టి!

సరే, సాయంత్రం కూడిక. ఇల్లంతా నిండిపోయింది, ఎక్కువ ఆడోళ్ళే. పాటలయినాయి, ప్రార్థనయింది. "ఇప్పుడు హిందూపురం నుంచి వచ్చిన బ్రదర్ దేవదానం గారు వాక్యం చెప్తారు" అన్యాడు బావ. లేసి నిలబడినా.

ఈడ మీకొక సంగతి చెప్పల్ల. మా కూడికల్లో వాక్యం చెప్పేవాడు ఒక మాట గట్టిగా చెప్పి ఊపిరి తీసుకున్యాడంటే, కూర్చున్నోళ్ళు "ఆమెన్" అనల్ల. చిన్నప్పట్నుంచి వచ్చిన అలవాటు. కండ్లు మూసుకునే అంటారు, చెయ్యి పైకెత్తి అంటారు. ఏం చెప్పినాడనేది తర్వాత, ఎక్కడ ఆగినాడనేదే లెక్క. ఇది నాకు తెలీదా? నేనూ అట్లంటా పెరిగినోణ్ణే గదా! అయినా ఆ పూట గుర్తు రాలేదు.

నా ప్లాను ఏమంటే, ముందు పుస్తకంలో తప్పుడు ముక్క చదివి, కొంచెం ఆగి, తర్వాత బైబిల్ తీసి దాన్ని ఉతికి ఆరేసేది. జిప్ తీసినా, పుస్తకం తెరిచినా, బైబిల్ చదివే రాగంలోనే, ఇంగొక రాగం నాకు రాదు గదా, చదివినా. "రోగం పేరు నీ నోట పలకవద్దు!"

ఆగినా.

"ఆమెన్!"

అరె! అనుకుని గొంతు పెంచినా. "మాత్రలు మింగేవాడు దేవుని శక్తిని నమ్మనివాడు!"

"ఆమెన్! హల్లెలూయ!"

"కాదమ్మా, ఇది తప్పు..." అని నేనంటాంటే, మూలన ఒకామె పూనకమొచ్చినట్ల "స్తోత్రం! స్తోత్రం!" అని మొదలుపెట్టె, ఆమె వెంట అందరూ మొదలుపెట్టిరి. ఆ స్తోత్రాల్లో నా "తప్పు" యాడ కొట్టుకపాయెనో దేవునికే తెలియల్ల. గబగబా బైబిల్ తీసి హిజ్కియా అంజూరపు ముద్ద చదివినా. దానికీ ఆమెన్! అంజూరాలకూ ఆమెన్, మాత్రలు వద్దన్నదానికీ ఆమెన్. మీరు దేనికి ఆమెన్ అంటాండారు తల్లీ అని అడిగే ధైర్యం లేక, ముగింపు ప్రార్థన చేసేసి కూలబడితి.

బావ తల పట్టుకుని కూర్చున్యాడు. అక్క మొహం వెలిగిపోతాండాది. "ఎంత మారిపోయినావప్పా! మధ్యాహ్నం నాతో అట్ల వాదించి, ఇప్పుడెంత బాగా చెప్తివి!"

అంతలో ఎదురింటి మార్తమ్మక్క లేసింది. పెద్దామె, బీపీ మనిషి. గబగబా ఇంటికి పోయి మాత్రల షీటు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "బ్రదర్, మీ వాక్యం నా గుండెకు తగిలె. ఈరోజుతో మానేస్తాండా. మీ చేత్తోనే పారేయండి." ఆమెను చూసి ఇంకొకామె. ఆమె వెనకాల ఇంకొకామె. థైరాయిడంట, గ్యాసంట, కీళ్ళంట! నా ఒళ్ళో మెడికల్ షాపు తెరిచిరి. "అమ్మా, నేను చెప్పింది అది గాదమ్మా" అంటే, "మీ తగ్గింపు, మీ వినయం చూస్తే ముచ్చటేస్తాది బ్రదర్" అంటారు! ఏడుపొచ్చె నాకు.

అప్పుడు లేసిందప్పా మా అక్క. కుచ్చుల దారం ఇంగా వేళ్ళకు చుట్టుకునే ఉండాది. "ఏమ్మే మార్తా, నీకేమన్నా తిక్కా? మొన్న చర్చి మెట్ల మీద కండ్లు తిరిగి పడితే మోసుకొచ్చింది మేము గాదా? ఆ మాత్ర లేకపోతే నీ గతేం గావల్ల? తీస్కో! ముందు తీస్కోని మింగు!"

మార్తమ్మక్క అమాయకంగా చూసింది. "నువ్వు మానేయలేదా రూతూ? నీకేం కాలేదు గదా? నిన్ను చూసే గదా నాకు ధైర్యమొచ్చింది."

ఈసారి ఆమెన్ అనేవాళ్ళు ఎవరన్నా ఉండారా అని చూసినా. ఒక్కరూ అనలేదు.

మా అక్క నిలబడినచోటే కూర్చుండిపాయె. నా వైపు చూసింది. "నాయన కాలు తీసేసినప్పుడు ఆస్పత్రిలో నేనున్న్యా తమ్ముడూ. నువ్వు చిన్నోడివి, నిన్ను రానీలేదు. ఆ పొద్దట్నుంచి ఆ జబ్బు పేరు నా నోటితో అనాలంటే భయమప్పా. అనకపోతే రాదని పుస్తకంలో రాసుంటే, నమ్మేస్తి" అని కొంగు నోటికడ్డం పెట్టుకునింది. రైల్లో అన్ని టిక్కులు, ఇంటూలు కొట్టినా గదా, ఈ మాట ఏ పేజీలో వెతకల్లనో నాకు తట్టనే లేదు.

కొంచెంసేపటికి తనే లేసి, బీరువా మీద దాచిన మాత్రల డబ్బా దించింది. చెంబుతో నీళ్ళు తెచ్చి మార్తమ్మక్క ముందర కూర్చునింది.

"మింగు."

"నువ్వు మింగు."

"నువ్వు ముందు."

"అంత లేదు. ఇద్దరం ఒగేసారి."

ఇద్దరూ గుటుక్కుమని మింగిరి. మిగతా ఆడోళ్ళు ఒక్కొక్కరే నా దగ్గరికొచ్చి షీట్లు ఎవరివి వాళ్ళు ఏరుకోని పాయిరి. గ్యాస్ మాత్రలామె "ఇది నాది గాదు బ్రదర్, నాది పచ్చది" అని నా జేబులో గూడా వెతికె. సందట్లో నా మోకాలి మాత్ర గూడా పట్టుకపోయినట్లుండాది!

తెల్లారి బావ, అక్కను డాక్టరు దగ్గరికి పిలుచుకపోయినాడు. రక్తం పరీక్ష, డాక్టరు చేత తిట్లు, కొత్త మాత్రలు, అన్నీ అయినాయి. ఓళిగలు బంద్. నర్సు అడిగితే మా అక్క తనే, "నాకు షుగరుండాదమ్మా" అనిందంట, మెల్లిగా. బావ నాకు చెప్తా కండ్లు తుడుచుకున్యాడు.

సరే, అంతా మంచే జరిగింది గదా, ఎట్లోగట్ల నా వల్లే గదా అని స్టేషన్లో కొంచెం ఛాతీ విరుచుకోని, "బావా, ఇంగొక వారం వచ్చి ఆ పుస్తకం మీద పూర్తిగా చెప్పనా?" అని అడిగినా.

బావ నా భుజం మీద చెయ్యేసినాడు. "రా అప్పా, తప్పకుండా రా. అయితే ఈసారి ఆ పుస్తకం మంచిదని చెప్పు. నువ్వు చెప్పినాక మా వీధిలో దాని మొహం గూడా ఎవరూ చూడరు."