బల్ల వెనక దీవెన

కెనడాలో, కిచెనర్ అనే ఊళ్లో ఒక టిఫిన్ల హోటల్ ఉంది. ఆ వీధిలో వెళ్లవలసి వస్తే నేను ఇప్పటికీ అవతలి వైపు నుంచే, ముఖం తిప్పుకుని వెళ్తాను. అక్కడ నేను ప్లేట్లు పగలగొట్టలేదు, ఎవరితోనూ పోట్లాడలేదు. చేసిందల్లా కూర్చోవడం. ఒక మనిషి ఊరికే కూర్చుని తన పరువునూ, ఒక నర్సమ్మ మోకాళ్లనూ, ఒక చర్చి ఆదివారపు ఆరాధననూ ఎలా తారుమారు చేయగలదో చెప్తాను, వినండి.

నా పేరు దీవెన. మాది నరసాపురం. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌ని, అంటే ఇతరుల తప్పులు వెతకడం నా ఉద్యోగం. నా తప్పుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ చూపు మందగిస్తుంది.

నేను లావుగా ఉంటాను. ఈ మాట నేను ఇంత తేలిగ్గా రాసేస్తున్నాను కానీ, అప్పట్లో ఆ మాట పలకడానికి మా వాళ్లకీ నోరు రాలేదు, నాకూ రాలేదు. "అమ్మాయిది కళగల ముఖం" అనేవారు. ముఖం కళగా ఉందన్నారంటే మెడ కింది సంగతి మాట్లాడదలుచుకోలేదని అర్థం. నేనూ వాళ్లతో ఏకీభవించి, ఫొటోలన్నీ మెడ దాకానే దిగేదాన్ని. సోఫా వెనక, పూలకుండీ వెనక, ఎవరి పిల్లలదో పుట్టినరోజు కేకు వెనక. డేటింగ్ యాప్‌లో నా ఫొటోలు చూసినవాళ్లకు నాకు శరీరం ఉందన్న రుజువే దొరకదు.

ఒకసారి ఆ రుజువు ఎదురుగా చూపించి దెబ్బతిన్నాను. స్కార్‌బరోలో ఒక బిర్యానీ హోటల్ ముందు ఒకతన్ని కలవడానికి వెళ్లాను. అతను నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూసి, పార్కింగ్ మీటర్‌లో డబ్బులు వేయడం మరిచిపోయానని చెప్పి వెళ్లాడు. ఆ మీటర్ ఏ ఊళ్లో ఉందో, మళ్లీ రాలేదు. నేను లోపలికి వెళ్లి ఇద్దరి బిర్యానీ ఒక్కదాన్నే తిన్నాను. తింటూ కొంచెం ఏడ్చాను కూడా. బిర్యానీ మాత్రం బాగుంది.

అందుకే అదే యాప్‌లో సుధీర్ పరిచయమైనప్పుడు జాగ్రత్తపడ్డాను. సుధీర్‌ది తెనాలి. విండ్సర్‌లో కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఫోన్లో మాట్లాడుతుంటే వాన చప్పుడు వింటున్నట్టు హాయిగా ఉండేది. చలికాలంలోనే కలుసుకుని ఉంటే నాకే బాధా ఉండేది కాదు. ఆ కోట్లలో కెనడాలో అందరూ చుట్టిన పరుపుల్లాగే ఉంటారు, ఎవరు ఎంతో ఎవరికీ తెలియదు. కానీ ఆయనకు సెలవు దొరికేసరికి మంచు కరిగిపోయి, కోట్లు అలమరల్లోకి వెళ్లిపోయి, నా బతుకు మళ్లీ బహిరంగమైంది.

అప్పుడు నాకో మహత్తరమైన ఆలోచన వచ్చింది. ముందే వెళ్లి ఒక బల్ల వెనక కూర్చుంటాను. ఆయన వచ్చి, మాట్లాడి, వెళ్లిపోయేదాకా లేవను. విండ్సర్ దూరం కాబట్టి ముందు బయల్దేరేది ఆయనే. ఆయన కారు మలుపు తిరిగాక నేను లేస్తాను.

నా రూమ్మేట్ శిరీషది కరీంనగర్. ఇదంతా చెప్తే పళ్లు తోముకుంటూ వింది. పుక్కిలించి ఊసి ఒకటే అడిగింది. "రేపు పెళ్లైనంక గూడ బల్ల మోసుకుంటనే తిరుగుతవా?"

అంత దూరం నేను ఆలోచించలేదు.

శనివారం పొద్దున, అనుకున్న టైముకంటే చాలా ముందు, హోటల్‌కి వెళ్లాను. గోడ పొడుగునా ఒక మెత్తటి బెంచీ, మూల దగ్గర ఎల్ ఆకారంలో తిరిగింది. ఆ మూలలోకి వెళ్లి, బల్లను దగ్గరికి లాక్కుని, ఒళ్లో హ్యాండ్‌బ్యాగు పెట్టి, మీద చున్నీ పరిచాను. కోటకు తలుపులు మూసినట్టు అనిపించింది. వచ్చేశానని మెసేజ్ పెట్టాను. నేనూ వచ్చేశానని వెంటనే జవాబు.

తలెత్తి చూస్తే అదే బెంచీ అవతలి చివర ఆయన. నాకంటే ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు. ఆ వైపే చూడకుండా నా మూలలోకి వచ్చేశానన్నమాట. చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. ఇటు రమ్మని ఆయన సైగ. ఇటే రమ్మని నేను. కాసేపు ఇద్దరం ట్రాఫిక్ పోలీసుల్లా చేతులాడించుకున్నాం. చివరికి ఆయన కాఫీ కప్పు పట్టుకుని, లేవకుండానే, బెంచీ మీద జరుగుతూ జరుగుతూ నా దాకా వచ్చేశాడు. మధ్యలో ఆమ్లెట్ తింటున్న ఒక ముసలాయన పాపం కాళ్లు ముడుచుకుని దారిచ్చాడు. ఎంత ఆత్రమో, లేచి నడిచే ఓపిక కూడా లేదనుకుని నేను మురిసిపోయాను. ఆ టెస్టర్ బుర్రకు అప్పుడైనా అనుమానం రావాలా వద్దా?

కబుర్లు మాత్రం బ్రహ్మాండంగా సాగాయి. తన మొదటి చలికాలంలో కారు తలుపు గడ్డకట్టుకుపోతే ఇంట్లోంచి సాంబారు వేడిచేసి తెచ్చి పోసిన కథ చెప్పాడు. తలుపు వచ్చిందట కానీ, కరివేపాకు వాసన వేసవి దాకా పోలేదట. నేను మా ఆఫీసు కథలు చెప్తే, వింటూ వింటూ కళ్లు తుడుచుకునేంత నవ్వాడు. నా మాటలకు ఒక మగవాడు అలా నవ్వడం అదే మొదలు. ఇతను కూడా మీటర్ వెతుక్కుంటూ వెళ్లిపోతే ఈసారి బిర్యానీతో సర్దుకోలేనని అప్పుడే తెలిసింది.

ఇక్కడ ఒక చిన్న సమస్య ఉంది. ఆ హోటల్లో కప్పు ఖాళీ అయితే చాలు, అడక్కుండానే మళ్లీ నింపేస్తారు. కంగారులో ఉన్న మనిషిని నేను, నింపినదల్లా తాగేస్తున్నాను. రోట్లో తల పెట్టి రోకటిపోటుకు వెరవకూడదన్నారు పెద్దలు. బల్ల వెనక ఇరుక్కున్నవాళ్లు కాఫీకి వెరవాలని ఒక్కరూ చెప్పలేదు. వాష్‌రూమ్ ఏమో హాలుకు ఆ చివర, అన్ని బల్లలనూ దాటుకుని వెళ్లాలి. ముందు వాష్‌రూమ్, వెనుక గోడ, మధ్యలో నేను.

మధ్యాహ్నమైంది. హోటల్ మూసే వేళ దగ్గరపడింది. మీకు దూరం కదా, బయల్దేరండి అన్నాను. పర్లేదు, ముందు మీరు వెళ్లండి అన్నాడు. మీరే అంటే మీరే అనుకున్నాం. పక్క బల్లల మీద కుర్చీలు బోర్లించడం మొదలుపెట్టారు. మేమిద్దరం మాత్రం పెనానికి అంటుకున్న అట్లలా కదల్లేదు.

సరిగ్గా అప్పుడు సుగుణ ఆంటీ లోపలికి వచ్చింది.

సుగుణ ఆంటీ మా తెలుగు చర్చిలో అందరికీ పెద్దదిక్కు. వృద్ధాశ్రమంలో నర్సు. డ్యూటీ దిగి కాఫీ పట్టుకెళ్దామని వచ్చి నన్ను చూసింది. ఆవిడ కనిపిస్తే మేమంతా లేచి నిలబడతాం, ఆవిడ కౌగిలించుకుంటుంది. అది ఆనవాయితీ. ఆవిడ చేతులు చాచుకుని నిలబడింది. నేను కూర్చునే నవ్వాను.

"ఏమ్మా, లేవవేంటి? ఒంట్లో బాగాలేదా?"

"కాలు బెణికింది ఆంటీ."

అబద్ధమాడేముందు ఎదుటి మనిషి వృత్తి ఏమిటో ఒకసారి గుర్తుచేసుకోవాలి. ఆవిడ కాఫీ సంగతి మరిచిపోయి బల్ల పక్కన మోకాళ్ల మీద కూలబడింది. ఏ కాలని అడిగితే ఎడమ అన్నాను. చూపించమంటే కుడికాలు చాపాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఏమీ అనలేదు. తర్వాత సుధీర్ వైపు తిరిగి, చెరో చెయ్యీ పట్టుకుని లేపుదాం రమ్మంది. కానీ ఆయన కదల్లేదు. తనకు నడుం పట్టేసిందని నసిగాడు. ఇందాకటి దాకా బెంచీ మీద పాకిన నడుమే అది.

ఆంటీ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"అయినా ఇద్దరి వల్ల కాదులే బాబూ, మన దీవెన కదా. వంటింట్లో మగవాళ్లని పిలుద్దాం. నలుగురైతే సరిపోతారు."

వెక్కిరింపుగా అనలేదు. ఆశ్రమంలో రోగులను మంచం దించే మనిషి, లెక్క అలాగే వేస్తుంది. కానీ నలుగురు మోయడమనేది ఎవరికైనా ఒక్కసారే జరగాలి, అదీ మనం చూడని రోజున. నా చెవులు కాలిపోయాయి. సుధీర్ వైపు చూడలేకపోయాను.

"పిలిచేముందు చిన్న ప్రార్థన చేసుకుందాం" అంటూ ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుంది.

సుగుణ ఆంటీ ప్రార్థన చిన్నగా ముగిసిన దాఖలా మా చర్చి చరిత్రలో లేదు. లోకం సృష్టించిన రోజు నుంచి మొదలుపెడుతుంది. నడుమ లేవడానికి వీల్లేదు. నేను పళ్లు బిగబట్టి కూర్చున్నాను. ఇంతలో ఆవిడ ఎర్ర సముద్రం దగ్గరికి వచ్చి, ఆ నీళ్లను వర్ణించడం మొదలుపెట్టింది. నీళ్ల ప్రస్తావన వినే స్థితిలో నేను లేను.

అప్పుడు నాకు ఒక్కసారిగా విసుగొచ్చింది. ఆవిడ మీద కాదు, నా మీద. పొద్దుటి నుంచి ఈ మనిషితో ఇంత నవ్వాను కదా, ఆ నవ్వింది ఎవరు? మెడ దాకా ఉన్న మనిషేనా? ఆ కిందిదంతా ఎవరిది, పక్కింటివాళ్లదా?

ఆవిడ చేతిని మోకాలి మీంచి మెల్లగా తీసి, బల్లను ముందుకు తోసి లేచాను. పూర్తిగా, పొట్ట లోపలికి పీల్చకుండా.

"సుధీర్ గారూ, నా కాలికి ఏమీ కాలేదు. నేను లావని మీకు తెలియకూడదని పొద్దుట్నించీ లేవలేదు. ఇదిగో, నేనింతే ఉంటాను. వెళ్లాలనుకుంటే వెళ్లండి. నేను మాత్రం ముందు వాష్‌రూమ్‌కి వెళ్లాలి."

గుసగుసగానే అన్నాను, ప్రార్థన నడుస్తోంది కదా. ఆ హాలంతా దాటుకుని నడిచాను. దారిలో ఎవరూ కింది నుంచి పైదాకా చూడలేదు. ముసలాయన ఆమ్లెట్ ఎప్పుడో ముగించి, ఇంకా పేపరు చదువుకుంటూనే ఉన్నాడు. లోపలికి వెళ్లి పని చూసుకున్నాక, ఆ సుఖంలో, అతను వెళ్లిపోయినా ఫరవాలేదనిపించింది. ఆ మాట పూర్తిగా నిజం కాదు. సగం నిజం. ఆ సగమైనా నాకు కొత్తే.

తిరిగి వచ్చేసరికి సుధీర్ ఉన్నాడు. లేచి నిలబడి ఉన్నాడు. ఎత్తు నా చెవి దాకానే.

"నా నడుమూ బాగానే ఉందండీ" అన్నాడు మెల్లగా. "ప్రొఫైల్లో రాసిన ఎత్తే కొంచెం బాగాలేదు."

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఎందుకంటే ఆంటీ కళ్లు తెరిచింది. లేవలేని ఇద్దరూ నిలబడి ఉన్నారు. ఆవిడ రెండు చేతులూ పైకెత్తి స్తోత్రం చెప్పుకుంది. నిజం చెబుదామని నేను నోరు తెరిచేలోపు పాస్టర్ గారికి ఫోన్ కలిపేసింది. రేపు ఆరాధనలో సాక్ష్యం చెప్తానని ఆయనతో అంటోంది. సుధీర్‌ని కూడా రమ్మంది. పాపం, స్వస్థత పొందినవాళ్లలో ఆయనా ఒకడు కదా. పక్కనే ఉన్న వాటర్లూలో స్నేహితుడి ఇంట్లో ఉండిపోక తప్పలేదు.

ఆదివారం హాలు నిండిపోయింది. ఎన్నిసార్లు పిలిచినా చర్చికి రాని శిరీష ఆ రోజు నాకంటే ముందే తయారై, వెళ్లి వెనక వరుసలో కూర్చుంది. ఆంటీ లేచి, లేవలేని ఒక ఆడబిడ్డను దేవుడు తన కళ్లముందే లేపాడని చెప్పి, ముందుకు రమ్మని నన్ను పిలిచింది. నా శరీరాన్ని ఒక్క మనిషి నుంచి దాచబోయి, ఇప్పుడు మొత్తం సంఘం ముందు నిలబెట్టాను. గుళ్లో అయినా చర్చిలో అయినా దేవుడి ముందు అబద్ధమాడే ధైర్యం మా వంశంలో లేదు. బల్ల, చున్నీ, కాఫీ, అన్నీ చెప్పేశాను.

మొదట వెనక వరుస నుంచి శిరీష కిచకిచ నవ్వు. దాని వెంట హాలు హాలంతా. పాస్టర్ గారు దగ్గుతున్నట్టు కర్చీఫు అడ్డం పెట్టుకున్నారు. క్షమించమని ఆంటీ ముందు చేతులు జోడించాను.

ఆవిడ ముఖంలో ఆశ్చర్యం లేదు.

"ముప్పై ఏళ్ల నుంచీ కాళ్లు పట్టుకుంటున్నాను, బెణికిన కాలేదో నాకు తెలీదా? నేను ప్రార్థన చేసింది నీ కాలికి కాదమ్మా, నీ బుర్రకి. అది లేచింది కదా, అందుకే సాక్ష్యం." సుధీర్ వైపు చూసి, "ఈ అబ్బాయి సంగతి మాత్రం నాకు తెలీదు. వీడు ఉచితంగా బాగుపడ్డాడు" అంది.

ఆ తర్వాత ఏమైందని అడిగేవాళ్లకు ఒక్క మాట చెప్తాను. మా ఇంట్లో పై అరల్లోని డబ్బాలు దించే పని నాది.

కాబట్టి, ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, దీవెన అనే నేను ఇకమీదట ఏ మగవాడి కోసమూ, ఏ పెళ్లిచూపుల కోసమూ, ఏ ఫొటో కోసమూ ఏ బల్ల వెనకా దాక్కోనని ప్రమాణం చేస్తున్నాను. బుద్ధి గడ్డి తిని ఎప్పుడైనా మళ్లీ దాక్కున్నా, వాష్‌రూమ్ పక్క బల్ల వెనకే దాక్కుంటాను.