పసుపు ఆరబోసిన గ్రౌండు నుంచి వచ్చిన హాకీ జట్టు

పోయిన ఫిబ్రవరిలో ఒక శనివారం పదకొండు మంది హాకీ ఆడే ఆడపిల్లలతో సిరిసిల్ల వెళ్ళివచ్చాను. నాకు డెబ్బై ఒక్క ఏళ్ళు. హాకీలో ఒక వైపు ఎంతమంది ఆడతారో ఆ రోజు దాకా నాకు తెలియదు. ఈ ప్రయాణానికి కారణం రవీందర్. ఒకప్పుడు జగిత్యాలలో నా దగ్గర సోషల్ చదువుకున్నవాడు, ఇప్పుడు మల్లాపూర్ మండలం నల్లవాగుపల్లె సర్కారు హైస్కూల్లో పీఈటీ. ఆడపిల్లల జట్టు ఊరు దాటాలంటే వెంట ఒక టీచరమ్మ ఉండాలి. రావాల్సిన తెలుగు టీచరుకు ముందురోజు జ్వరం వచ్చింది. రిటైరైన టీచరైనా టీచరే అని హెడ్మాస్టరు ఒప్పుకున్నారట. రవీందర్ ఫోన్ చేసి, "మేడం, నాకు తెలిసినోళ్ళల్ల ఏ పని లేనిది మీరొక్కరే" అన్నాడు. నిజాన్ని అంత మర్యాదగా చెప్పాక కాదనడం ఎలా? పైగా వాడి క్లాసు ఆటల పీరియడ్లన్నీ లాక్కుని నా సిలబస్ పూర్తి చేసుకున్నదాన్ని నేనే.

జగిత్యాలలో పొద్దున ఐదింటి బస్సెక్కితే ముప్పావు గంటలో కోరుట్ల. పిల్లలు ఊరి నుంచి రెండు షేర్ ఆటోల్లో, మనిషికి ముప్పై రూపాయల లెక్కన వచ్చి, నాకంటే ముందే బస్టాండులో ఉన్నారు. హాకీ కర్రలన్నీ ఒక యూరియా సంచిలో కట్టి ఉన్నాయి. గోల్‌కీపర్ లత తన కాళ్ళకు కట్టుకునే ప్యాడ్లను చంటిబిడ్డల్లా చెరో చంకలో పెట్టుకుని నిలబడింది. కెప్టెన్ సమీనా పదో తరగతి. ఆమె నాన్నకు కోరుట్ల మార్కెట్ దగ్గర కుట్టుమిషను దుకాణం ఉంది. జట్టు వేసుకునే బట్టలు ఆయనే కుట్టి, సంచిలో పెట్టి తెచ్చాడు. నన్ను పక్కకు పిలిచి విషయం చెప్పాడు.

"టీచరమ్మా, పది అయినంక స్పోర్ట్స్ హాస్టల్ల సీటు రావాల్నంటే రాష్ట్రం ఆటకు పోయినట్టు కాయిదం ఉండాల్నంట. ఇయ్యాల సిరిసిల్లల సెలెక్టయితేనే గా కాయిదం. లేకుంటే నా మిషన్ పక్కన ఇంకో మిషన్ ఏస్త."

కుట్టుపని మంచిదే కదా అన్నాను.

"మంచిదే. గని గీ పిల్ల కుట్టిన జేబుల చెయ్యి పట్టదు" అన్నాడు. కూతురు ఆట గెలవాలని తండ్రి ఇంతకంటే గట్టిగా కోరుకోవడం నేను వినలేదు.

కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా వేములవాడకు గంటన్నర పైనే పడుతుంది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టు లేదు కనుక పదమూడు మందిలో డబ్బులిచ్చి ప్రయాణం చేసింది రవీందర్ ఒక్కడే. ఎనభై రూపాయల దాకా అయింది. కండక్టర్ యూరియా సంచిని కాలితో తట్టి, కట్టెలు పట్టుకుని ఎవరి మీదికి పోతున్నారని అడిగాడు. గెలిచేవాళ్ళ మీదికి అన్నాను. ఆ తర్వాత ఆయనే సంచిని డ్రైవర్ వెనక భద్రంగా పెట్టించాడు. రుద్రంగి దాటాక చలి తగ్గింది. దారి పొడుగునా పల్లెల్లో ఉడకబెట్టిన పసుపు ఎండలో పరిచి ఉంది. పిల్లలు దాన్ని చూసి ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుని నవ్వుకున్నారు. ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

వేములవాడ బస్టాండు బయట ఒక బండి దగ్గర ప్లేటు ముప్పై రూపాయలకు ఇడ్లీ తిన్నాం. బండి నడిపే ఆవిడ సంగతంతా అడిగి తెలుసుకుని, "గంత దూరం పోయి ఓడిపోయి అస్తే ఎట్ల?" అంది.

"ఓడితే మళ్ళ నీ దగ్గర్నే తింటం. నీకేం నష్టం?" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి చట్నీ కొంచెం ఎక్కువే వేసింది.

అక్కడి నుంచి సిరిసిల్ల అరగంట. బస్సు దిగగానే మరమగ్గాల చప్పుడు వినపడుతుంది. గ్రౌండుకు ఆటోలో మనిషికి ఇరవై. ఎనిమిదిన్నరకు చేరాం. మా ఆట తొమ్మిదింటికి, అదే మొదటిది. ఎదుటి జట్టు పట్నంలోని పెద్ద బడిది. పద్దెనిమిది మంది పిల్లలు, ఒకే రంగు బూట్లు, ఇద్దరు కోచ్‌లు. మనవైపు పదకొండు మందే, ఎవరికైనా కాలు బెణికితే బదులు దిగడానికి నేనే మిగిలాను. మైకులో ఎదుటి బడి పేరు పూర్తిగా చదివారు. మమ్మల్ని "మల్లాపూర్ సైడు టీం" అన్నారు.

ఆట మొదలవుతుండగా, టోపీ పెట్టుకున్న సెలెక్టరు కుర్చీలోంచి లేచి చాయ్‌కు బయల్దేరాడు. నెరిసిన జుట్టు మనిషి, ఒకప్పుడు బాగా ఆడినవాడట. నేను అడ్డం వెళ్ళి, మా పిల్లల ఆటప్పుడే ఆయనకు చాయ్ ఎందుకు గుర్తొచ్చిందని అడిగాను. ఆయన కోపం తెచ్చుకోలేదు.

"చిన్న స్కూళ్ళ ఆట ఐదు నిమిషాలల్ల తెలిసిపోతది మేడం."

"అయితే గా ఐదు నిమిషాలు కూసోండి. చాయ్ నేను తెప్పిస్త."

కూర్చున్నాడు. ఆ ఐదు నిమిషాల్లో మావాళ్ళు ఎదుటివాళ్ళకు ఒక గోలు ఇచ్చుకున్నారు. చాయ్ వచ్చేలోపు ఇంకొకటి. మా పిల్లలందరూ గ్రౌండు నడుమ ఒక బండి బాట వెడల్పులోనే ఆడుతున్నారు. ఆ ఇరుకులో మాత్రం బంతి ఒక కర్ర నుంచి ఇంకో కర్రకు సూదిలో దారం ఎక్కించినట్టు వెళ్తోంది. కానీ పక్కకు పోయిందంటే చాలు, కుడివైపు ఆడే శ్రీవాణి దాని వెంట నాలుగు అడుగులు ఉరికి, ఎవరో చెయ్యి పట్టుకుని ఆపినట్టు ఆగిపోతోంది. బంతి గీత దాటకముందే వదిలేస్తోంది. చూసేవాళ్ళు నవ్వారు. సెలెక్టరు చాయ్ ఊదుకుంటూ నావైపు చూశాడు.

ఆ పిల్లకేమైందని రవీందర్‌ను అడిగాను. వాడు తల పట్టుకుని చెప్పాడు. ఊళ్ళో బడి గ్రౌండు ఒక్కటే చదునైన జాగా. ముందు మక్కలు, తర్వాత వడ్లు, ఈ నెలల్లో పసుపు, అన్నీ అక్కడే ఆరబోస్తారు. పిల్లలకు మిగిలేది నడుమ బాట. బంతి పసుపులోకి పోతే అక్కడితో ఆట ఆపాలి, కొట్టినవాళ్ళు బంతి పోగొట్టుకున్నట్టు లెక్క. పసుపు తొక్కితే కుప్పల దగ్గర కూర్చున్న ముసలమ్మలు వదలరు. మూడేళ్ళు అలా ఆడిన కాళ్ళకు సిరిసిల్లలో పసుపు లేదని ఎవరు చెప్పాలి?

సగం ఆట అయ్యాక రవీందర్ ఎత్తులేమీ చెప్పలేదు. పదకొండు మందినీ పక్క గీత వెంబడి ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించాడు. ముందు సమీనా నడిచింది.

"గీత దాక మన జాగనే. ఎవ్వల పసుపు లేదు, తొక్కుండ్రి" అంటోంది వెనక్కి తిరిగి. శ్రీవాణి గీత మీద నిలబడి రెండు కాళ్ళతో ఎగిరి చూసింది.

రెండో సగంలో ఆ పిల్ల గీత వెంట ఉరికింది. అటు పెద్ద బడి పిల్లలు ఆమెను పట్టుకోవడానికి విడిపోతే నడుమ ఖాళీ దొరికింది. నడుమ ఆడటం మావాళ్ళకు పుట్టుకతో వచ్చినంత సులువు. శ్రీవాణి నుంచి బంతి అందుకుని సమీనా ఒక గోలు, పది నిమిషాల తర్వాత ఇంకొకటి కొట్టింది. రెండు రెండు, సమానం. సెలెక్టరు చేతిలో చాయ్ చల్లారిపోయింది, ఆయన లేచి నిలబడ్డాడు. లత ఆపిన బంతులు లెక్కపెట్టలేక మానేశాను. చివరి నిమిషంలో వాళ్ళు మూడో గోలు కొట్టారు. ఓడిపోయాం. ఎదుటి జట్టు పిల్లలు వరసగా వచ్చి మావాళ్ళతో చేతులు కలిపి వెళ్ళారు. ఒకమ్మాయి శ్రీవాణిని ఎక్కడ ప్రాక్టీసు చేస్తారని అడిగింది. పసుపు సంగతి విన్నాక నవ్వలేదు.

సెలెక్టరు పుస్తకం పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. సమీనా పేరు, క్లాసు రాసుకుని, వచ్చే నెల క్యాంపుకు రమ్మన్నాడు. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు. రవీందర్ వెంటనే కోరుట్లలో ఆమె నాన్నకు ఫోన్ కలిపాడు. సమీనా మాత్రం అక్కడి నుంచి కదల్లేదు.

"గంతేనా సార్? నాకు బాల్ ఇచ్చినోళ్ళ పేర్లు రాసుకోరా?"

"సెలెక్టయినోళ్ళయే రాస్తం బిడ్డా."

"ఎరికే సార్. అయినా రాసుకోండి. మళ్ళపారి మా ఊరోళ్ళు అచ్చినప్పుడు మీకు యాదికుంటది."

ఆయన ఒక్క క్షణం ఆ పిల్లను, తర్వాత నన్ను చూశాడు. నేర్పింది నేనేమోనన్న అనుమానం. నేను కాదు. పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, పైన 'జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, నల్లవాగుపల్లె' అని పూర్తిగా రాశాడు. పిల్లలు వరసగా నిలబడి పేర్లు చెప్పారు, ఒక్కొక్కరినీ అడిగి ఆయన రాసుకున్నాడు. లత వంతు వచ్చినప్పుడు హెల్మెట్ తీసి, జుట్టు సర్దుకుని, ఇంటిపేరుతో సహా చెప్పింది.

పన్నెండింటి బస్సుకు బయల్దేరితే నాలుగున్నరకు ఇంట్లో ఉన్నాను. ఆ పేజీ వల్ల మిగతా పదిమందికి సీటు రాదు, సర్టిఫికెట్టూ రాదు. అయినా దారంతా వాళ్ళు దాని గురించే మాట్లాడుకున్నారు, ఓటమి గురించి కాదు. పెద్ద బళ్ళకు గ్రౌండు ఉంటుంది, బూట్లుంటాయి, వాళ్ళ పిల్లలూ కష్టపడే ఆడతారు. ఏ సదుపాయమూ లేని బడి ఒక జట్టును నిలబెట్టిందంటే మాత్రం వెనక ఒక మాస్టారు, ఒక టైలరు, కొంచెం జాగా వదిలిన ఒక ఊరు ఉన్నట్టు. వాళ్ళమీద జాలి పడనక్కర్లేదు. కూర్చుని చూస్తే చాలు, మెచ్చుకోవడం దానంతట అదే వస్తుంది.

మీరూ ఇలాంటి ఆటలకు వెళ్ళాలనుకుంటే ఒక్క సలహా. చిన్న బళ్ళ ఆట ఎప్పుడూ పొద్దున్నే పెట్టేస్తారు, పదకొండింటికి తీరిగ్గా వెళ్తే వాళ్ళు అప్పటికే బస్టాండులో ఉంటారు. ఎనిమిదిన్నరకల్లా గ్రౌండులో ఉండండి, చాయ్ ముందే తాగేసి వెళ్ళండి.